అరువు చట్టం, సొంత సంతకం

పోటీ పరీక్షలకు పాలిటీ చదివిన తెలుగు విద్యార్థులందరికీ ఐర్లండ్ పేరు ఒక్కసారైనా తగిలే ఉంటుంది. మన రాజ్యాంగంలోని ఆదేశిక సూత్రాలకు మూలం ఆ దేశ రాజ్యాంగమే. ఆ గైడ్లలో కనిపించని చుట్టరికం ఇంకొకటి ఉంది. రెండు దేశాల కంపెనీ చట్టాలూ ఒకే ఇంటి నుంచి తెచ్చిన తోడుతో తోడుకున్నవి. 1913 నాటి భారత కంపెనీల చట్టానికి ఇంగ్లండులోని 1908 చట్టం మాతృక. 1956లో మనం కొత్తగా రాసుకున్నది 1948 నాటి ఇంగ్లీషు చట్టం అడుగుజాడల్లోనే నడిచింది. ఐర్లండ్ 1963లో చేసుకున్నదీ దాదాపు ఆ 1948 చట్టమే. తెల్లవాణ్ణి సాగనంపిన రెండు దేశాలూ అతని చిట్టా ఆవర్జా పద్ధతుల్ని మాత్రం ఇంట్లోనే ఉంచుకున్నాయి. అందుకే 1973లో ఐర్లండ్ యూరోపియన్ ఆర్థిక సమాజంలో చేరి తన వ్యాపార చట్టాల్ని ఐరోపా ప్రమాణాలకు తాకట్టు పెట్టిందని ఎవరైనా అన్నప్పుడు, తాకట్టు పెట్టడానికి సొంత చట్టం ఎక్కడుందని ముందుగా అడగాలి. ఐర్లండ్ వ్యాపార చట్టం ఎప్పుడూ అరువుదే. 1973లో మారింది అరువిచ్చినవారు, అరువు తెచ్చుకునే షరతులు. ఆ షరతుల్లో ఎక్కువ భాగం పాతవాటికంటే మేలైనవి. ఒక్కటి మాత్రం నిజంగా చెడ్డది. దాన్ని రాసుకున్నది బ్రస్సెల్స్ కాదు, డబ్లిన్.

ఐర్లండ్ పార్లమెంటు తన బుద్ధితో చట్టం చేసిన రోజులు అసలు లేవా అంటే, ఉన్నాయి. 1801లో బ్రిటన్‌లో విలీనం కాకముందు డబ్లిన్‌కు సొంత పార్లమెంటు ఉండేది. 1782లో అది చేసిన ఒక చట్టాన్ని చరిత్రకారులు అనామక భాగస్వామ్యాల చట్టం అంటారు. వ్యాపారంలోకి డబ్బు పెట్టి పేరు బయటపెట్టని భాగస్వామి, నష్టం వస్తే తాను పెట్టిన సొమ్ము వరకే పోగొట్టుకుంటాడు. వ్యాపారం నడిపేవాడు మాత్రం ఇల్లూవాకిలీ సహా మొత్తానికీ పూచీ పడాలి. మూలధనం 1,000 పౌండ్లకు తగ్గకూడదు, 50,000 దాటకూడదు. గడువు 14 ఏళ్లు. బ్యాంకులకూ చిల్లర దుకాణాలకూ ఇది వర్తించదు. పరిమిత పూచీ అనే మాట విని లండన్ న్యాయవాదులు ఇంకా బెదురుతున్న కాలమది. ఇంగ్లండు ఆ దారికి రావడానికి 1855 వరకూ పట్టింది. మరి డబ్లిన్‌కు ఈ ఆలోచన ఎక్కడిది? ఫ్రాన్సులో తరతరాలుగా నడుస్తున్న కమాండిట్ భాగస్వామ్యాల నుంచి. స్వతంత్రంగా చట్టం చేసే అవకాశం దొరికిన ఆ కొద్ది కాలంలోనూ ఐర్లండ్ చేసింది అరువు తేవడమే, కాకపోతే కళ్లు తెరుచుకుని, తనకు పనికొచ్చేదాన్ని ఏరుకుని తెచ్చుకుంది. లండన్ పార్లమెంటు 1862లో కంపెనీల చట్టం చేస్తూ ఈ ఐరిష్ చట్టాన్ని రద్దు చేసింది. ఐర్లండ్ వాణిజ్య చట్టానికి ఐరోపా ఖండంతో ఉన్న పాత బంధుత్వం అలా తెగింది. 111 ఏళ్ల తర్వాత అది మళ్లీ కలిసిందంటే నాకు వింతగా తోచదు.

1922లో ఐరిష్ స్వేచ్ఛా రాజ్యం ఏర్పడ్డప్పుడు, అప్పటివరకూ అమల్లో ఉన్న చట్టాలన్నీ కొనసాగుతాయని కొత్త రాజ్యాంగమే చెప్పింది. తాత్కాలికం అనుకున్నది తాతల ఆస్తిలా నిలిచిపోయింది. కంపెనీలకు 1908 చట్టమే 1964 ఏప్రిల్ 1 దాకా నడిచింది. ఆలోగా ఇంగ్లండు తన చట్టాన్ని 1929లో ఒకసారి, 1948లో మరోసారి తిరగరాసుకుంది. దివాలా తీసిన వ్యాపారికి వర్తించే చట్టం 1857 నాటిది, అంటే మనదగ్గర సిపాయిల తిరుగుబాటు జరిగిన ఏటిది. దాన్ని 1988లో గానీ మార్చలేదు. ఆర్థిక జాతీయవాదం ఉరకలేసిన 1930ల్లోనూ పరిస్థితి ఇంతే. 1932, 1934 నాటి తయారీ నియంత్రణ చట్టాలు ఫ్యాక్టరీ ఎవరి చేతిలో ఉండాలో నిర్ణయించాయి, ఆ ఫ్యాక్టరీ కంపెనీగా ఎలా నడవాలి, లెక్కలు ఎవరికి చూపాలి, మునిగితే ఏమవ్వాలి అన్నవాటి జోలికి పోలేదు. ప్రముఖ డబ్లిన్ న్యాయవాది ఆర్థర్ కాక్స్ అధ్యక్షతన కమిటీ వేసి, 1958లో నివేదిక తెచ్చుకుని, 1963లో చట్టం చేస్తే, తయారైంది పదిహేనేళ్ల నాటి ఇంగ్లీషు చట్టానికి కొద్ది మార్పులతో కూడిన రూపం. ఆ ఇంగ్లీషు చట్టాన్ని లండన్‌లో రాస్తున్నప్పుడు ఐర్లండ్‌కు అక్కడ ఒక్క ఓటు కూడా లేదు. 1973లో యూరోపియన్ మంత్రిమండలిలో ఐర్లండ్‌కు దక్కినవి మొత్తం 58లో 3 ఓట్లు, బ్రిటన్‌కు 10. మూడు ఓట్లు ఏ మూలకు అనవచ్చు. సున్నాతో పోల్చి చూడాలి.

ఆ బల్ల దగ్గరికి చేరడానికి పన్నెండేళ్లు పట్టింది. ఎగుమతుల్లో నాలుగింట మూడు వంతులు బ్రిటన్‌కే పోతున్న రోజుల్లో, 1961 జూలై 31న, ప్రధాని షాన్ లెమాస్ సభ్యత్వానికి దరఖాస్తు చేశాడు. 1963లో బ్రిటన్‌కు ఫ్రాన్సు అధ్యక్షుడు ద గాల్ తలుపు మూస్తే దాని వెనకే నిలబడ్డ ఐర్లండ్ ముఖం మీదా ఆ తలుపే పడింది. చివరికి 1972 మే 10న ప్రజాభిప్రాయ సేకరణలో 83 శాతం మంది అవునన్నారు. చేరకముందే సర్దుబాట్లు మొదలయ్యాయి. 1963 నాటి టర్నోవర్ పన్ను, 1966 నాటి టోకు పన్ను పోయి, 1972 నవంబర్ 1న వ్యాట్ వచ్చింది. 2005 ఏప్రిల్‌లో అమ్మకం పన్ను పోయి వ్యాట్ వచ్చినప్పుడు మన వ్యాపారులు పడ్డ హైరానా గుర్తున్నవారికి ఆ నవంబర్ ఎలా ఉండి ఉంటుందో ఊహించడం కష్టం కాదు.

అయితే ఈ మార్పు లోతు తెలియాలంటే పన్నుల కంటే కంపెనీ మెమోరాండంలో ఉండే ఉద్దేశాల క్లాజును చూడాలి. కంపెనీ ఏ పనులు చేయడానికి పుట్టిందో అందులో రాస్తారు. రాయని పని చేస్తే అది చెల్లదు. వాటాదారులంతా ఏకమై ఒప్పుకున్నా చెల్లదు. 1875లో ఇంగ్లండు ప్రభువుల సభ చెప్పిన సూత్రమిది. 1962లో మన సుప్రీంకోర్టు, మద్రాసు బీమా కంపెనీ ఒకటి ధర్మసంస్థకు ఇచ్చిన విరాళం దాని ఉద్దేశాల్లో లేదంటూ, డైరెక్టర్లు ఆ సొమ్ము తిరిగి కట్టాల్సిందేనంది లక్ష్మణస్వామి మొదలియార్ కేసులో. మరుసటి ఏడాది ఐర్లండ్ తన కొత్త చట్టంలో 8వ సెక్షన్ పెట్టి దీన్ని కొంత మెత్తబరిచింది: కంపెనీకి ఆ అధికారం లేదని అవతలి పక్షానికి నిజంగా తెలియకపోతే ఒప్పందం చెల్లుతుంది. వినడానికి న్యాయంగానే ఉంది. 1979లో ఒక బ్యాంకుకు ఈ న్యాయం ఎంత పలచనిదో తెలిసొచ్చింది. ఎకేటీస్ అనే కంపెనీ మరొకరి అప్పుకు హామీ ఉండి ఆస్తి తనఖా పెట్టింది. అలా హామీ ఇచ్చే అధికారం దాని మెమోరాండంలో లేదు. బ్యాంకు తరఫు న్యాయవాది ఆ మెమోరాండం చదివాడు, చదివి సరిపోతుందనుకున్నాడు. చదివారు కాబట్టి తెలిసినట్టే, అర్థం చేసుకోలేకపోవడం మీ తప్పు అన్నాడు హైకోర్టు న్యాయమూర్తి రోనన్ కీన్. హామీ చెల్లలేదు. జాగ్రత్తగా చదివినవాడు మునిగి, చదవనివాడు గట్టెక్కే చట్టమది. ఐరోపా మొదటి కంపెనీ డైరెక్టివ్ (సభ్యదేశాలు తమ చట్టంలోకి తెచ్చుకోవాల్సిన ఉమ్మడి ఆదేశం) కింద 1973 జూలై 1 నుంచి వచ్చిన నిబంధన అవతలి వ్యక్తి సద్బుద్ధితో వ్యవహరించాడా లేదా అన్నదే చూసేది, మెమోరాండం చదివాడా అని అడిగేది కాదు. కానీ అది పరిమిత కంపెనీలకే వర్తించేది. ఎకేటీస్ అపరిమిత కంపెనీ కావడంతో బ్యాంకుకు ఆ గొడుగు దొరకలేదు. ఒకే నేలమీద, ఒకే ఏడాది, సొంత చట్టం అనుకున్నదీ బయటి ప్రమాణమూ పక్కపక్కనే పనిచేశాయి, వ్యాపారికి భద్రత ఇచ్చింది బయటిదే. 2014 చట్టంతో మామూలు ప్రైవేటు కంపెనీకి ఉద్దేశాల క్లాజు రాసే అవసరమే ఐర్లండ్‌లో పోయింది. మన 2013 చట్టం ఇప్పటికీ రాయమనే అంటుంది.

పద్దుల సంగతి ఇంకా సూటిగా ఉంటుంది. 1963 చట్టం ప్రకారం ప్రైవేటు కంపెనీ తన లెక్కలు రిజిస్ట్రారుకు సమర్పించనక్కర్లేదు. ఊరి పెద్ద వ్యాపార కుటుంబానికి ఎంత ఆస్తి, ఎంత అప్పు అన్నది ఆ కుటుంబానికీ బ్యాంకు మేనేజరుకూ తప్ప మూడోవాడికి తెలియదు. సరుకు అరువిచ్చే చిన్న సరఫరాదారుడికి అసలే తెలియదు. 1978 నాటి నాలుగో డైరెక్టివ్ ఈ గుట్టు విప్పమంది, రెండేళ్ల గడువిచ్చింది. డబ్లిన్ దాన్ని 1986లో గానీ అమలు చేయలేదు. 1976 నాటి రెండో డైరెక్టివ్‌నూ, పబ్లిక్ కంపెనీకి కనీస మూలధనం కోరినదాన్ని, 1983 దాకా నాన్చింది. ఈ ఆలస్యాల్ని ఐరిష్ న్యాయ చరిత్రకారులు సిగ్గుతో చెప్పుకుంటారు. నాకవి వేరే సంగతి చెబుతున్నాయి. మెడ మీద గడువు ఉన్నప్పుడే అయిదారేళ్లు ఆలస్యమైతే, గడువు లేకుండా వదిలేస్తే ఏమయ్యేది? 1857 దివాలా చట్టం గతి ఏమైందో చూశాం. పైగా నాలుగో డైరెక్టివ్ పూర్తిగా పరాయి సరుకూ కాదు. జర్మన్ పద్ధతిలో తయారైన మొదటి చిత్తులో, 1973లో బ్రిటన్, ఐర్లండ్ వచ్చాక మార్పు జరిగింది. లెక్కలు నమూనా ప్రకారం ఉంటే చాలదు, సంస్థ పరిస్థితిని నిజంగా, సముచితంగా చూపాలన్న సూత్రం అందులో చేరి, మిగతా నియమాలన్నిటికీ పైన కూర్చుంది. ఐర్లండ్ 1963లో ఇంగ్లండు నుంచి తెచ్చుకున్న సూత్రమే అది. అరువు తెచ్చింది ఖండమంతటికీ ప్రమాణమైంది. ఇందులో బ్రిటన్ బరువే ఎక్కువన్నది నిజం, అయినా బల్ల దగ్గర కుర్చీ ఉండటమంటే ఇదే.

పోటీ చట్టం విషయంలో ఐర్లండ్ వాదం అక్కర్లేదన్నట్టు ఐరోపా పాఠాన్నే తీసుకుంది. 1953 నుంచి అక్కడ వ్యాపార కుమ్మక్కుల మీద చట్టం ఉండేది, కానీ వ్యాపారానికో విచారణ, విచారణకో ఉత్తర్వు. ధరలు కూడబలుక్కోవడం తప్పు అని ఒక్క మాటలో చెప్పే నిబంధన ఉండేది కాదు. 1991 చట్టం ఐరోపా ఒప్పందంలోని 85, 86 అధికరణాల్ని దాదాపు యథాతథంగా దించింది. ఐస్‌క్రీమ్ తగాదా ఈ కాలానిదే. హెచ్‌బీ కంపెనీ దుకాణాలకు ఫ్రీజర్లు ఉచితంగా ఇచ్చేది, వాటిలో తన ఐస్‌క్రీమే పెట్టాలనే షరతుతో. చిన్న కొట్లలో రెండో ఫ్రీజరుకు చోటెక్కడిది? సుమారు 40 శాతం దుకాణాల్లో హెచ్‌బీ ఫ్రీజర్లే ఉండేవి. 1989లో ఐర్లండ్ ఐస్‌క్రీమ్ మార్కెట్లోకి దిగిన మార్స్ దీనిమీద కోర్టుకెక్కింది. 1992లో హెచ్‌బీ పక్షాన తీర్పిచ్చింది, కాకతాళీయంగా, ఎకేటీస్ కేసు విన్న న్యాయమూర్తి కీనే: ఫ్రీజరు ఎవరిదో అందులో సరుకూ వారిదే. 1998లో యూరోపియన్ కమిషన్ దానికి పూర్తి విరుద్ధంగా తేల్చింది. కమిషన్ నిర్ణయానికి అడ్డుగా జాతీయ కోర్టు తీర్పివ్వరాదని 2000 డిసెంబరులో ఐరోపా న్యాయస్థానం చెప్పింది. దేశంలోని కోర్టు మాట చెల్లలేదని బాధపడేవారిని అర్థం చేసుకోగలను. కానీ ఆ కొట్టువాడి దృష్టితో చూస్తే, తన కొట్లో ఏం అమ్మాలో నిర్ణయించే హక్కు అతనికి దక్కింది డబ్లిన్ నుంచి కాదు. ఇంకోవైపు, కుమ్మక్కయిన వ్యాపారిని నేరస్థుడిగా బోను ఎక్కించమని బ్రస్సెల్స్ ఎవరినీ అడగలేదు. 1996లో ఐర్లండే ఆ మాట చట్టంలో చేర్చుకుంది. 2006లో ఇళ్లు వెచ్చబెట్టుకునే నూనె ధరలు కూడబలుక్కున్న కేసులో గాల్వేలో జ్యూరీ దోషిగా తేల్చింది. ప్రమాణం అందుకున్నవాడు అక్కడే ఆగాలని లేదు.

దీనికి ఎదురు చెప్పే మాటల్లో బలమైనది కార్క్ నగరం నుంచి వస్తుంది. 1983లో అక్కడ డన్‌లప్ టైర్ల ఫ్యాక్టరీ మూతపడింది. 1919 నుంచి నడిచిన ఫోర్డ్ ఫ్యాక్టరీ 1984లో ఆగింది, కార్ల అసెంబ్లీకి సభ్యత్వ ఒప్పందం ఇచ్చిన రక్షణ ముగిసేదీ ఆ ఏడాది చివరికే. రెండు తరాలు పని చేసిన కార్మికులకు డైరెక్టివ్‌ల సొగసు చెబితే తిట్టి పంపుతారు, తిట్టడం న్యాయం. అయితే వాళ్ల అన్నం తీసింది ఉమ్మడి ప్రమాణమా, సుంకాల గోడ కూలడమా అని విడదీసి చూడాలి. గోడ కూలడం 1965 డిసెంబరులో బ్రిటన్‌తో చేసుకున్న స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం నాటికే మొదలైంది, ఐరోపాలో చేరడానికి ఏడేళ్ల ముందు. సొంత సరుకే కొనండి అన్న ఉద్యమం కథ కూడా ఇలాంటిదే. 1978 జనవరిలో ప్రభుత్వం మూడేళ్ల కార్యక్రమం మొదలుపెట్టింది. ప్రజల ఖర్చులో 3 శాతాన్ని దిగుమతుల నుంచి దేశీయ సరుకుల వైపు తిప్పాలన్నది లక్ష్యం. 1982 నవంబరులో ఐరోపా న్యాయస్థానం ఇది ఒప్పంద విరుద్ధం అంది. స్వదేశీ ఉద్యమంలో పుట్టి పెరిగిన మనకు ఆ తీర్పు గుండెలో గుచ్చుకుంటుంది, నాకూ గుచ్చుకుంది. కానీ కోర్టులో ఐర్లండ్ ప్రభుత్వమే తన సమర్థనగా చెప్పుకున్న లెక్క చూడండి: అమ్మకాల్లో దేశీయ సరుకుల వాటా 1977లో 49.2 శాతం ఉంటే 1980కి 43.4కు పడిపోయింది, కాబట్టి మా ప్రచారం ఎవరికీ హాని చేయలేదు అని. ఓడినందుకు కాదు, ఇలా వాదించాల్సి వచ్చినందుకు బాధపడాలి.

రెండో అభ్యంతరం ముందు మాత్రం నేను తల వంచుతాను. చట్టాన్ని ఎవరు చేశారన్నది చట్టం బాగోగులకంటే వేరైన ప్రశ్న. 1972 నాటి యూరోపియన్ సమాజాల చట్టం కొద్ది సెక్షన్ల చిన్న చట్టం. దాని 3వ సెక్షన్, ఐరోపా నిబంధనల అమలు కోసం మంత్రి తన సంతకంతో నిబంధనలు జారీ చేయవచ్చనీ, వాటితో పార్లమెంటు చేసిన చట్టాల్నే మార్చవచ్చనీ అంది. మొదట ఒక కాపలా ఉండేది: అలాంటి నిబంధనను ఆరు నెలల్లోగా పార్లమెంటు చట్టం చేసి ధ్రువీకరించకపోతే అది రద్దవుతుంది. 1973లోనే, అంటే చేరిన ఏడాదే, ఈ కాపలా తీసేశారు. దాని బదులు పరిశీలించి, అవసరమైతే రద్దు చేయమని సిఫారసు చేసే ఉభయసభల సంఘం పెట్టారు. ఉద్దేశాల క్లాజు గురించిన శతాబ్దపు సూత్రాన్ని మార్చిన నిబంధన ఇలా మంత్రి సంతకంతో వచ్చిందే. దాని మంచిని మెచ్చుకుంటూనే ఈ మాట చెప్పాలి. 1987లో ఆర్థికవేత్త రేమండ్ క్రాటీ సుప్రీంకోర్టుకెళ్లి, ఐరోపా ఒప్పందాల్ని సవరించే సింగిల్ యూరోపియన్ యాక్ట్‌ను ప్రజల్ని అడగకుండా పూర్తిగా ఆమోదించడానికి వీల్లేదని 3–2 తేడాతో గెలిచాడు. అప్పటి నుంచి పెద్ద ఒప్పందాలకు ప్రజాభిప్రాయం తప్పనిసరి అన్నట్టయింది. కానీ పెద్ద తలుపుకు తాళం వేసి పెరటి తలుపు తెరిచే ఉంచారు. పశువులకు హార్మోన్లు వాడారన్న కేసులో ఒక రైతు 3వ సెక్షన్‌నే సవాలు చేస్తే, హైకోర్టు అతని మాట విన్నా 1993లో సుప్రీంకోర్టు ఆ అధికారాన్ని నిలబెట్టింది: ఇన్ని డైరెక్టివ్‌లు అమలు చేయాలంటే వేరే దారి లేదని. దారి లేకపోవడం కాదు, తీరిక లేకపోవడం. డైరెక్టివ్ అనేది గమ్యం చెబుతుంది, మార్గం ఎంచుకోవడాన్ని సభ్యదేశానికే వదిలేస్తుంది. పార్లమెంటులో చర్చించి చేయవద్దని ఏ డైరెక్టివ్‌లోనూ లేదు. 1983, 1986, 1991లలో చట్టాలు చేశారు కూడా. బ్రస్సెల్స్ పల్లకీ మోయమంది, కళ్లకు గంతలు కట్టుకోమనలేదు.

ఐర్లండ్ తనంతట తాను వ్యాపార చట్టం చేయగలదనడానికి గట్టి సాక్ష్యం 1990 ఆగస్టు. ఆ నెల 2న ఇరాక్ సేనలు కువైట్‌లోకి దిగాయి. ఇరాక్‌కు గొడ్డుమాంసం అమ్మి బకాయిల కోసం ఎదురుచూస్తున్న గుడ్‌మన్ ఇంటర్నేషనల్ కుప్పకూలే స్థితికి వచ్చింది. అది పడితే దానికి పశువులు అమ్మే రైతులూ పడతారు. పార్లమెంటు దిగువసభ డాయిల్‌ను సెలవుల మధ్య పిలిచి, పెండింగులో ఉన్న పెద్ద బిల్లులోంచి ఒక భాగాన్ని విడదీసి, ఆ నెలాఖరులోగా చట్టం చేశారు. ఎగ్జామినర్‌షిప్ అన్న ఆ ఏర్పాటు కింద, బతికే అవకాశమున్న కంపెనీకి కోర్టు మొదట్లో మూడు నెలల రక్షణ ఇచ్చేది. ఆ వ్యవధిలో అప్పులవాళ్లెవరూ మీద పడకూడదు, నియమితుడైన పరిశీలకుడు రాజీ పథకం తయారు చేయాలి. అమెరికా దివాలా చట్టం ఛాయలు ఇందులో ఉన్నాయి, బ్రిటన్ ఛాయలూ ఉన్నాయి. 1782లో లాగే ఏరుకుని తెచ్చుకున్న అరువు. ఒక బడా వ్యాపారి కోసం చేసిన చట్టమన్న విమర్శ అప్పుడు గట్టిగానే వచ్చింది. అయినా డాయిల్‌లో సభ్యులు లేచి నిలబడి ఆ విమర్శ చేయగలిగారు, మంత్రి జవాబు చెప్పాల్సి వచ్చింది. 2019లో యూరోపియన్ యూనియన్ కష్టాల్లో ఉన్న కంపెనీల పునర్వ్యవస్థీకరణ మీద డైరెక్టివ్ తెచ్చింది. అది కోరినవాటిలో చాలా భాగం ఎగ్జామినర్‌షిప్‌లో మూడు దశాబ్దాలుగా అమల్లో ఉన్నవే కావడంతో ఐర్లండ్ మార్చుకోవాల్సింది కొద్దిగానే మిగిలింది. ఈసారి ప్రాంతీయ ప్రమాణమే డబ్లిన్ ఇంటి దారి పట్టింది. సెలవులు రద్దు చేసుకుని సభ చర్చించిన చట్టానికి ఆ కొద్ది మార్పులూ 2022 జూలైలో జరిగాయి, డాయిల్‌లో ఓటుతో కాదు, మంత్రి సంతకంతో.